మంచు కమ్మని ఊళ్లో కారుకు కమ్మలు

షాపతను నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "మీ కారుకు ఫాగ్ లైట్లు ఉండాయా, లేవా సార్?" నేను చెప్పింది ఒక్కటే అబద్ధం. "ఉండాయి."

లేవు. మంచులో దోవ కనబడేదానికి ముందు బంపరులో పెట్టే ఆ లైట్లు నా కారుకు ఏనాడూ లేవు. ఆ రకం కార్లలో అన్నిటికంటే కిందిది నాది. కొన్నప్పుడు దీనికి ఏమేమి ఉండాయని అడిగితే అమ్మినాయన "నాలుగు చక్రాలు ఉండాయి" అని మొదలుపెట్టి అక్కడే ఆపినాడు. అటువంటి కారుకు లైట్లు లేవని ఒప్పుకోవడానికి నేను బజారులో నిలబడి సిగ్గుపడినాను. ఎందుకు సిగ్గుపడినానో ఇప్పటికీ తెలియదు. షాపతనేమీ నాకు పిల్లనిచ్చేవాడు కాదు, నన్ను మళ్లీ చూసేవాడు కూడా కాదు. అయినా నా నోరు నాకంటే ముందు పోయి "ఉండాయి" అనేసింది. అతను పాపం లైట్లున్న కార్లకు పెట్టే కవర్లే తెప్పించి ఇచ్చినాడు. ఆ తేడా ఏందో బిగించిన తర్వాత గానీ నాకు తెలియలేదు.

పైగా మాది ప్రొద్దుటూరు. ఊరి పేరులోనే పొద్దుంది. ఎండాకాలం వస్తే ఆ పొద్దు పేరులోంచి దిగొచ్చి మా నెత్తిన కూర్చుంటుంది. మంచు అనేది మేము చూసేది సోడా అంగడి పెట్టెలో, రంపపుపొట్టు కింద. మంచు కమ్మని ఊళ్లో కారుకు కమ్మలెందుకయ్యా అని మీరు అడగవచ్చు. కమ్మలు అనే మాట నాది కాదు, మా బావది. కాబట్టి బావతోనే మొదలుపెడతాను.

మా అక్కను ఇచ్చింది సింహాద్రిపురం దగ్గర పల్లెకు. బావకు చీనీతోటలున్నాయి. మనిషి మంచోడే, కాకపోతే ఆ మంచితనం బయటికి రావాలంటే ముందు నోరు పక్కకు తప్పుకోవాల. ఆయనకొక తెల్లబండి ఉంది. ఎక్కడానికి మెట్టుండే బండి అది. ఆ బండి దిగినప్పుడల్లా బావ చుట్టూ ఒకసారి చూసుకుంటాడు, ఎవరెవరు చూసినారో చూద్దామని.

వాళ్ల కూతురికి, అంటే నా మేనకోడలికి, పులివెందుల కల్యాణమండపంలో పెళ్లి. మా ఇళ్లల్లో ఒక ఆచారముంది. పెళ్లికూతురు పుట్టింటి గడప దిగి మండపానికి పోయేది మేనమామ బండిలోనే. మా అమ్మను వాళ్ల మేనమామ రెండెద్దుల బండిలో తీసుకపోయినాడంట. మా అక్కను మా మేనమామ జీపులో తీసుకపోయినాడు. జీపు ఎవరినో అడిగి తెచ్చిందే, కానీ తోలింది ఆయనే కాబట్టి చెల్లింది. ఇప్పుడు నా వంతు. ఆ పిల్ల డిగ్రీ చదివిన మూడేండ్లూ ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉండింది. మాకు పిల్లలు లేరు. సంబంధం కుదిరిన రోజే ఫోన్ చేసి, మామా నన్ను నీ కార్లోనే తీసుకపోవల్ల, మాటియ్యి అనింది. ఇచ్చినాను.

నిశ్చితార్థం నాడు బావవాళ్ల ఇంటి ముందర కారు ఆపి దిగినాను. పందిరి కింద పదిహేనుమంది మగవాళ్లు కూర్చున్నారు. నా కారు ముందు బంపరులో కుడికొకటి, ఎడమకొకటి రెండు బొక్కలున్నాయి. ఫాగ్ లైట్లు లేని కార్లకు నల్ల ప్లాస్టిక్ కవర్లు ఉండాల్సిన చోటు అది. నా కారుకు లైట్లు లేకున్నా కవర్లు ఉండేవి. అవి పోయి రెండేండ్లయింది. బావ కారు ముందర నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"ఏమప్పా బామ్మర్దీ, బంగారు అంగళ్ల ఊరినుంచి వస్తాండావు. నీ కారుకు కమ్మలు యాడ? తాకట్లో ఉండాయా?"

పందిరి కింద నవ్వు లేచింది. బావ చిన్నాయన అని ఒక పెద్దాయన ఉన్నాడు. చేతికర్ర పట్టుకుని, ప్రతి పెళ్లిలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఆయన నవ్వి నవ్వి కట్టుడు పళ్లు సర్దుకున్నాడు. నేను కూడా నవ్వినాను. మనల్ని చూసి పదిమంది నవ్వేటప్పుడు పదకొండోవాడిగా కలిసిపోవడం నాకు చిన్నప్పటినుంచి అలవాటు.

నవ్వు తగ్గినాక బావ అసలు మాట చెప్పినాడు. పెళ్లిబిడ్డ ముందుసీటులో కూర్చుని పోయే కారు ఇట్లా బోసి మొగంతో ఉంటే వియ్యంకుడివాళ్లు ఏమనుకుంటారు, ఫోటోలు తీస్తారు, వీడియో తీస్తారు. పెళ్లినాటికి ఆ బొక్కలు పూడిస్తే నీ కారులోనే పోతుంది, లేదంటే నా తెల్లబండి, నువ్వు డ్రైవర్ పక్కన కూర్చో, నీ మర్యాద నీకుంటుంది అన్నాడు. తలుపు వెనకనుంచి నా మేనకోడలు నన్నే చూస్తాంది. మేనమామగా నాకు జన్మలో ఒక్కసారి వచ్చే పని, అది రెండు ప్లాస్టిక్ ముక్కల దగ్గర ఆగింది.

ఆ చూపుకు ఇంకో అర్థం కూడా ఉంది. అది మా ఇద్దరికే తెలుసు. ఆ రెండిట్లో ఒక బొక్క పెట్టింది ఆ పిల్లే.

మా ఇంట్లో ఉన్నప్పుడు కారు నేర్పించమని పట్టుబట్టింది. బావ వద్దన్నాడు, పెళ్లయినాక మొగుడు నేర్పిస్తాడులే అన్నాడు. నేను నేర్పించినాను. ఆదివారాల్లో జమ్మలమడుగు దాటి ముద్దనూరు దోవలో, రోడ్డు ఖాళీగా ఉండే చోట. ఒక ఆదివారం రోడ్డు పక్కన నాపబండలు దొంతర పెట్టినారు. ఎదురుగా మేకల మంద వచ్చింది. మేకల్ని తప్పించినందుకు ఆ పిల్లను ఈ రోజుకూ మెచ్చుకుంటాను. దొంతర మాత్రం తప్పుకోలేదు. ఎడమవైపు కవరు నాలుగు ముక్కలయింది, బంపరు ఆ మూల కొంచెం లొట్టపోయింది. నాయనకు చెప్పద్దు మామా అని ఏడ్చింది. నేనే గుద్దినానని చెప్పుకున్నాను. నా తోలుడు చూసినవాళ్లెవరూ సాక్ష్యం అడగలేదు. ఇప్పుడు ఇది రాస్తాండానంటే ఆమె రాసుకోమన్నందుకే. ఆమె కారు ఆమే తోలుకుంటాంది, ఎవరికీ భయపడే పని లేదు.

మరి కుడివైపు కవరు ఎట్లా పోయిందంటారా? అది నా సొంత ఘనకార్యం. ఎడమదాన్ని మళ్లీ ఎట్లా బిగించాలో చూద్దామని బాగున్న కుడిదాన్ని పీకినాను. దాని కొక్కీలు ఒకసారి బిగుసుకుంటే విరిగి రావాల్సిందే గానీ ఊడి రావు. ఈ సంగతి అవి విరిగినాక తెలిసింది. నాకు ఏ సంగతైనా అప్పుడే తెలుస్తుంది.

షెడ్డులో అడిగితే బంపరు మొత్తం మార్చాల, రంగు కొట్టాల, వారం పడుతుందన్నారు. పెళ్లి ఇంకా నెలుంది కదా అని ఊరుకున్నాను. ఆ నెల ఎట్లా పోయిందో తెలియదు. చివరికి కవర్లు మాత్రం తెప్పించుకుని నేనే బిగిద్దామని బజారుకు పోతే, షాపతను ఆ ప్రశ్న అడిగినాడు. కవర్లు వచ్చింది శనివారం పొద్దుగూకినాక. పెళ్లి సోమవారం. ఆదివారం పొద్దున టీ తాగి, లుంగీ ఎగ్గట్టి, ఇంటి ముందర కారు కింద ఒక గోనెసంచి పరిచినాను.

ఫోన్‌లో వీడియో చూసినాను. ఒకాయన హిందీలో పది నిమిషాల పని అని చెప్పినాడు. నాకు హిందీలో అంకెలు మాత్రం బాగా వస్తాయి, కాబట్టి పది నిమిషాలు అన్నది స్పష్టంగా అర్థమయింది. మిగతాది కాలేదు.

నా భార్య గడపలో నిలబడి చూస్తాంది. అందరి మేనమామలు రెండురోజుల ముందే పెళ్లింట్లో ఉంటారు, మా మేనమామ బంపరు కింద ఉండాడు అని వీధికి వినబడేట్టు అనుకుంది. ఎదురింట్లోనుంచి లారీ మామ కుర్చీ తెచ్చుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన నలభై ఏండ్లు లారీ తోలి మానుకున్న సాయిబు. వీధిలో అందరికీ మామే. ఎవరింట్లో ఏ సామాను విప్పినా కుర్చీ తెచ్చుకుని వచ్చి కూర్చుంటాడు. చెయ్యి పెట్టడు. చెప్తాడు.

కవర్ల మీద ఇంగ్లీషులో కుడి, ఎడమ అని అచ్చు ఉంది. నేను వృత్తికి దస్తావేజులు రాసేవాణ్ని. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని ఈ చుట్టుపక్కల భూములకు హద్దులు రాస్తాను. తూర్పున ఫలానావారి చేను, పడమర బండ్లబాట. నేను రాసిన హద్దు కోర్టుకు పోయినా జరగలేదు. అంత అనుభవంతో కారు ముందర కూర్చుని, నా ఎడమచేతి వైపున్నదానికి ఎడమ కవరు పెట్టి నొక్కినాను. పట్టలేదు. తిరగేసి నొక్కినాను. మోకాలితో నొక్కినాను. ముప్పావుగంట నొక్కినాక లారీ మామ నిదానంగా చెప్పినాడు. కారుకు కుడి ఎడమలు లోపల కూర్చున్నోడివి, బయట కూర్చున్నోడివి కాదు. ఊరందరికీ హద్దులు చెప్పేవాణ్ని, నా కారుకు నేనే ఎదురు పార్టీనని నాకు తట్టలేదు.

ఇంతవరకూ జరిగింది ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాతది మా ఇంట్లోనే జరగాల.

నా భార్య ప్రతి అమావాస్యకూ కారుకు దిష్టి తీసి, బంపరు కింద నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంది. బజారులో వాటిని సన్నని ఇనపతీగకు గుచ్చి అమ్ముతారు. ఆమె ఆ తీగను బంపరు బొక్కలోంచి దూర్చి, లోపలి ఇనపపట్టీకి రెండుసార్లు చుట్టి మెలిపెడుతుంది. వచ్చే అమావాస్యకు నిమ్మకాయ ఎండి రాలిపోతుంది, మిరపకాయలు గాలికి పోతాయి, తీగ మాత్రం ఉంటుంది. దాని పక్కన కొత్త తీగ. నాకు ఈ నిమ్మకాయల మీద నమ్మకం లేదు. కారును కాపాడేది బ్రేకు గానీ నిమ్మకాయ కాదని పన్నెండేండ్లుగా అమావాస్య అమావాస్యకూ చెప్తాండాను. ఆమె వింటూనే కడుతుంది.

ఆ తీగలన్నీ తుప్పుపట్టి, కొత్త కవర్లకు అడ్డంగా కాకిగూడు మాదిరి ఉన్నాయి. కటింగ్ ప్లేయర్ తీసుకున్నాను.

"ఆటిని కత్తిరించద్దప్పా" అన్నాడు లారీ మామ. "బండికి యాడన్నా కట్టు ఉండాదంటే, అది దేన్నో ఒకదాన్ని పట్టుకోని ఉండాదని."

మూఢనమ్మకం మామా, అన్నాను. ఒక్కొక్క తీగా కత్తిరించినాను. ఒక్కొక్కటి తెగుతుంటే ఏదో సంఘసంస్కరణ చేసినట్టు హాయిగా ఉంది. ఆఖరి తీగ తెగినాక కారు చిన్నగా ఒక నిట్టూర్పు విడిచింది. ఆ వెంటనే బంపరు ఎడమవైపు మూల ఊడి, నా భుజం మీదికి వచ్చి ఆనుకుంది.

నాపబండల దొంతరకు తగిలిన రోజే ఆ మూల లోపలి కొక్కీలన్నీ విరిగిపోయి ఉన్నాయి. ఈ రెండేండ్లూ ఆ బంపరును కిందపడకుండా పట్టుకున్నవి అమావాస్య తీగలే. నేను బంపరును భుజాన మోస్తూ కదలకుండా కూర్చున్నాను. నా భార్య మెట్లు దిగి వచ్చింది. వంగి బంపరును చూసింది, తెగిన తీగలను చూసింది, నన్ను చూసింది.

"కారును కాపాడేది ఏందని చెప్పినావు?" అనింది.

లారీ మామ మొదటిసారి కుర్చీలోంచి లేచి ఒక పక్క పట్టుకున్నాడు. ఆమె ఇంట్లోకి పోయి కొత్త తీగచుట్ట తెచ్చింది. పెళ్లికూతురికి పూలజడ వేసినంత శ్రద్ధగా, మూల మూలకూ దూర్చి, మెలిపెట్టి, మిగిలిన కొసలు లోపలికి మడిచింది. బంపరు మునుపటికంటే గట్టిగా నిలబడింది. ఆఖరున ఒక నిమ్మకాయ కూడా కట్టింది. ఆ రోజు అమావాస్య కాదు.

కుడి కుడికి, ఎడమ ఎడమకు చేరినాక కవర్లు టక్కు టక్కుమని కూర్చున్నాయి. నేను లేచి నాలుగడుగులు వెనక్కు పోయి, తల పక్కకు వాల్చి చూసుకున్నాను. రెండు నల్ల చట్రాలు నిగనిగలాడుతున్నాయి. రెండు చట్రాల నడుమా గుండ్రంగా, తీరుగా, కంపెనీవాళ్లు కొలతపెట్టి చేసిన రెండు కొత్త బొక్కలున్నాయి.

లైట్లున్న కార్లకు చేసిన కవర్లు కదా, లైటు రావడానికి దోవ ఉంటుంది. నా కారులో ఆ దోవన వచ్చేదేమీ లేదు. బొక్కలు పూడ్చడానికి బొక్కలు కొని తెచ్చినాను. వాటిని పీకి మార్చుకుందామంటే, ఒకసారి బిగుసుకున్న కొక్కీలు విరిగే వస్తాయన్న చదువు నాకు ముందే అయింది. లైట్లు కొందామంటే ఆదివారం, షాపులు మూసినారు. తెల్లవారితే బయలుదేరాల. పందిరి కింద కూర్చున్న పదిహేనుమంది, మెట్టున్న తెల్లబండి, తలుపు వెనక నా కోడలి చూపు, అన్నీ కళ్ల ముందర తిరిగినాయి. ఆ పిల్లకు ఫోన్ చేసి మీ నాయన బండిలోనే పో తల్లీ అని ఎట్లా చెప్పాలో మాటలు కూడా వెతుక్కున్నాను. దస్తావేజుల్లో అట్లాంటి మాటలు లేవు.

షాపులో చెప్పిన అబద్ధం గురించి అప్పుడు నా భార్యకు చెప్పినాను. తిడుతుందనుకున్నాను. ఆమె బొక్క మీద వేళ్లు పెట్టి కొలుచుకుని వంటింట్లోకి పోయింది. లోపల మూతల చప్పుడు మొదలయింది. కాఫీపొడి డబ్బా మూత తెచ్చింది, పెద్దదయింది. కుంకుమభరిణ మూత లోపల పడిపోయింది. మూడోసారి తెచ్చిన రెండు స్టీలు మూతలు, బంపరు కిందనుంచి చెయ్యి దూర్చి కవరు వెనకనుంచి పెడితే, కొలత తీసి చేయించినట్టు కూర్చున్నాయి. లారీ మామ ఇంటికి పోయి నల్లబంక తెచ్చి చుట్టూ పూసినాడు. నాలుగడుగులు వెనక్కు పోయి చూస్తే, ఒట్టు, లైట్లే. ఎండకు తళతళ మెరుస్తున్నాయి.

అవి ఎక్కడి మూతలో దగ్గరికి పోయి చూసినప్పుడు తెలిసింది. మా గృహప్రవేశానికి బావ ఇచ్చిన డబ్బాలవి. మా వైపు స్టీలు సామాను ఎవరు పెట్టినా దాని మీద పేరు చెక్కించి పెడతారు, రేపు ఎవరిదో ఏమో అని ఎవరూ అనకుండా. సొంత బామ్మర్ది గృహప్రవేశానికి బావ పెట్టింది పిడికెడు లవంగాలు ఒకదాంట్లో, పిడికెడు ఏలకులు ఒకదాంట్లో పట్టే డబ్బాల జత. కానీ పేరు మాత్రం రెండు మూతల మీదా, ఇంటిపేరుతో సహా, అంచునుంచి అంచుదాకా చుక్కలు చుక్కలుగా చెక్కించినాడు. ఆ డబ్బాల సైజును నా భార్య ఇంతవరకూ మరచిపోలేదు.

పేరు కనబడుతుందే అన్నాను. తెల్లారి బండికి పూజ చేస్తాం కదా అనింది ఆమె. చేసింది కూడా. పసుపు ముద్దచేసి రెండు మూతలకూ మందంగా మెత్తి, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు పెట్టింది. అంచుల్లో మెరుపు మిగిలింది, అక్షరం కనబడలేదు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించుకుని బయలుదేరినాం. ఈసారి నిమ్మకాయలు నేనే సరిగ్గా సర్దినాను.

జమ్మలమడుగు దాటి ముద్దనూరు దగ్గరికి వచ్చేటప్పటికి తెల్లగా తెల్లవారింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల పొగ ఆకాశానికి అడ్డంగా పరుచుకోని ఉంది. అదో నీ మంచు, లైట్లు వెయ్యి అనింది నా భార్య. ఆ తర్వాత మలుపులో పొద్దు ఎదురొచ్చి మూతల మీద పడినట్టుంది, గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా కారును తిట్టినాడు. లైట్లు వేసినందుకు తిట్టు తినడం నాకదే మొదలు. శానా సంతోషమేసింది.

పెళ్లింటి ముందర తెల్లబండి అప్పటికే పూలు కట్టించుకుని, మొగం వాకిలివైపు పెట్టుకుని సిద్ధంగా ఉంది. దాన్ని చూసేటప్పటికి నా సంతోషం కారులోనే ఉండిపోయింది, నేనొక్కడినే దిగినాను. నేను రానని, వచ్చినా బొక్కలతోనే వస్తానని బావ ముందే తీర్మానం చేసుకున్నాడు. నా కారు ముందరికి వచ్చి నిలబడినాడు. కుడివైపు పోయి చూసినాడు, ఎడమవైపు పోయి చూసినాడు. పట్టుపంచె కట్టుకున్నాడు కాబట్టి వంగలేదు.

"వెలుగుతాయా?" అన్నాడు.

నిజం నోటిదాకా వచ్చింది. ఒక అబద్ధం చెప్పి ఇంతదాకా తెచ్చుకున్నాను, ఇంకొకటి చెప్పే ధైర్యం లేదు. నేను నోరు తెరిచేలోపల ఇంట్లోనుంచి నా కోడలు బయటికి వచ్చింది. తలనిండా పూలతో, చీర కుచ్చిళ్లు చేతపట్టుకుని, ఎవరినీ అడగకుండా నేరుగా వచ్చి నా కారు ముందు తలుపు తీసుకుని కూర్చుంది. మా అక్క వెనక సీటులో కూర్చుని తలుపేసింది. తెల్లబండి తోలే డ్రైవరు బావవైపు చూసినాడు. బావ నా లైట్లవైపు చూసినాడు.

"సరే, నువ్వు ముందర పో. ఎనక మేమొస్తాం" అన్నాడు.

ఆ మాట కోసమే కదా ఇంత కష్టం. నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి, బంపరు మోసిన భుజం కూడా అప్పుడే నొప్పి పుట్టింది.

పులివెందుల దాకా తెల్లబండి నా వెనకే వచ్చింది. దోవలో ఒక ఎత్తుమిట్ట దగ్గర కారు ఎగిరితే ముందరనుంచి గణగణమని చప్పుడొచ్చింది, లవంగాల డబ్బా మూసినట్టు. మా అక్క అదేందిరా అనింది. లైట్లు కొత్తవి కదక్కా, సర్దుకుంటాండాయి అన్నాను. నా కోడలికి అనుమానం వచ్చి నావైపు తిరిగింది. నేను తల ఊపినాను. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెళ్లో పూలదండ ఊగేట్టు నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, నాకు మాత్రమే వినబడేట్టు అనింది.

"ఇన్నేండ్లూ నా తప్పు నువ్వు మోసినావు మామా."

తప్పుదేముంది తల్లీ, బంపరే బరువు, అన్నాను. మళ్లీ నవ్వింది. పుట్టిల్లు విడిచేటప్పుడు ఆడపిల్లలు ఏడుస్తారంటారు. మా పిల్ల మండపం దాకా నవ్వుతూనే వచ్చింది. ఆ మటుకు నా కారు తెల్లబండి చేయలేని పని చేసింది.

ఇంతటితో నేను ఊరుకునేవాణ్నే. పెళ్లయింది, భోజనాలయినాయి. మండపం ముందర నీడలో మగవాళ్లు వక్కాకు వేసుకుంటూ నిలబడినారు. నిశ్చితార్థంనాటి మనుషులే చాలావరకు. నా కారు అక్కడే, అందరికీ కనబడేట్టు ఉంది. వియ్యంకుడి తరపు ఒకాయన కారు బాగా పెట్టుకున్నారే అన్నాడు. నేను జవాబు చెప్పేలోపల బావ అందుకున్నాడు.

"ఆ లైట్లు నేను పెట్టించినవే. ఆ పొద్దు నేను ఆ మాట అనకపోయింటే మా బామ్మర్ది ఈ జన్మలో పెట్టేటోడు కాదు. కాదా చిన్నాయనా?"

చిన్నాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, అవునవును అన్నాడు. నలుగురూ తలలూపినారు. కమ్మలు తాకట్లో ఉన్నాయంటే నేను నవ్వినాను. డ్రైవర్ పక్కన కూర్చోమంటే ఊరుకున్నాను. కానీ భుజం మీద బంపరు మోసింది నేను. మూతలు వెతికింది నా భార్య. పేరు మాత్రం మళ్లీ ఈయనకే. అసలు పేరు ఈయనదే అని గుర్తొచ్చి, నాకు నవ్వు ఆగలేదు.

"నిజమే చిన్నాయనా, అవి బావ పెట్టినవే" అన్నాను.

చేతిలో నీళ్లసీసా ఉంది. కారు దగ్గరికి పోయి, చేతిగుడ్డ తడిపి, ఎడమవైపు లైటు మీద పసుపూ కుంకుమా నిదానంగా తుడిచినాను. చుక్కలు చుక్కలుగా అక్షరాలు బయటికి వచ్చినాయి. దగ్గరికి వచ్చి చూడు చిన్నాయనా, నీకు కళ్లు బాగానే కనబడతాయి కదా, అన్నాను. పెద్దాయన కర్ర ఊనుకుంటూ వచ్చి, వంగి, బళ్లో చదివినట్టు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని బావ ఇంటిపేరు చదివినాడు, బావ పేరు చదివినాడు, దాని కింద "గృహప్రవేశ కానుక" అని కూడా చదివినాడు. నడుం నిలబెట్టి బావవైపు తిరిగినాడు.

"ఏందిరా, ఇది డబ్బా మూత మాదిరి ఉండాదే?"

బావ నోట్లో వక్కాకు ఉంది. నములుడు ఆగింది. నా భార్య ఆడవాళ్ల మధ్యలోనుంచి చాలా మర్యాదగా చెప్పింది.

"డబ్బాలు ఇంట్లో భద్రంగా ఉండాయన్నా. మూతలొకటే తెచ్చినాం."

చిన్నాయన ఒక చేత్తో కట్టుడు పళ్లు పట్టుకున్నాడు. నేను చేతిగుడ్డ పిండుకుని, మళ్లీ తడుపుకుని, కుడివైపుకు పోయి రెండోదాన్ని కూడా తుడిచినాను.